శాచురేషన్ 90 చాలంటున్నారు, నిజంగా చాలుతుందా?

ప్రశ్న (ఐసీయూ నర్సు)

వెంటిలేటర్ మీదున్న రోగులకు శాచురేషన్ (రక్తంలోని హీమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందో చెప్పే అంకె) 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని మా డాక్టర్లు ఈమధ్య ఆర్డరు రాస్తున్నారు. 96 కనిపిస్తే ఆక్సిజన్ తగ్గించమంటున్నారు. 95కు దిగకుండా చూసుకోవడమే మంచి నర్సింగ్ అని మేం నేర్చుకున్నాం. ఇప్పుడు అంకె 89 కాగానే అలారం మోగుతుంది, చేయి దానంతటదే ఎఫ్ఐఓ2 (రోగికి ఇచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం) మీదికి పోతుంది. మొన్న రాత్రి ఒక న్యుమోనియా రోగికి నా సహోద్యోగి దాన్ని 40 నుంచి 50కి పెంచింది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుగారు మళ్లీ 40కి దించారు. ఆయన కోప్పడలేదు, కారణమూ చెప్పలేదు. పెద్ద అధ్యయనాలన్నీ రెండు పద్ధతులకూ తేడా లేదనే తేల్చాయని విన్నాను. తేడా లేనప్పుడు కాస్త ఎక్కువ ఇస్తే పోయేదేమిటి? తక్కువగా ఉంచి మేం భయపడుతూ కూర్చోవడం ఎందుకు?

జవాబు (క్రిటికల్ కేర్ డాక్టరు)

సిస్టర్, కారణం చెప్పకుండా నాబ్ తిప్పి వెళ్లిపోవడం సరికాదు. ముందు ఆ మాట చెప్పాలి. పడక పక్కన రాత్రంతా ఉండేది మీరు.

ఇక అధ్యయనాల సంగతి. 2021లో వచ్చిన హాట్-ఐసీయూ అధ్యయనంలో దాదాపు 2,900 మంది రోగులు. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనాన్ని ఒక వర్గంలో 60 మి.మీ. పాదరసం దగ్గర, రెండో వర్గంలో 90 దగ్గర ఉంచారు (ఇది శాచురేషన్ శాతం కాదు). 90 రోజుల నాటికి మరణాలు 42.9 శాతం, 42.4 శాతం. 2025లో వచ్చిన యూకే-రాక్స్ ఇంకా పెద్దది: 97 ఐసీయూలు, 16,500 మంది. ఒక వర్గానికి శాచురేషన్ లక్ష్యం 90, రెండో వర్గానికి డాక్టర్లు ఎప్పటిలాగే ఇచ్చారు. మరణాలు 35.4 శాతం, 34.9 శాతం. తక్కువ లక్ష్యం వల్ల ప్రాణాలు నిలుస్తాయని ఆశపడ్డవాళ్లకు నిరాశే మిగిలింది, నాకు కూడా.

అయితే ఈ అంకెల్లో మీ భయానికీ జవాబుంది. 90 దగ్గర ఆగినందుకు సగటున ఎక్కువమంది పోలేదు. 89 చూసి పరుగెత్తాల్సిన పని లేదని చెప్పడానికి అంతకంటే గట్టి ఆధారం ఏం కావాలి?

‘కాస్త ఎక్కువ ఇస్తే పోయేదేమిటి’ అన్నారు. పోయేది ఉంది. యూకే-రాక్స్‌లో రెండో వర్గానికీ ఎవరూ నూరు శాతం శాచురేషన్ లక్ష్యంగా పెట్టుకోలేదు. డాక్టర్లు ముందే చేయి బిగించారు కాబట్టి, విచ్చలవిడిగా ఇస్తే ఏమవుతుందో ఆ అధ్యయనం చెప్పదు. అది చెప్పేది 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఐయోటా విశ్లేషణ. 25 అధ్యయనాలు, 16 వేల మంది తీవ్ర అస్వస్థుల వివరాలు కలిపి చూస్తే, ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చిన వర్గంలోనే మరణాలు ఎక్కువ. పైగా శాచురేషన్ 100 అని చూపిస్తే ధమనిలో పీడనం 110 ఉండవచ్చు, 400 ఉండవచ్చు. మానిటర్‌కు ఆ తేడా తెలియదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. ఎఫ్ఐఓ2 అవసరానికి మించి ఉంటే, ఊపిరితిత్తి పాడవుతున్నా అంకె 97 దగ్గరే నిలబడుతుంది. కఫం అడ్డుపడిందో, శ్వాసనాళంలో వేసిన ట్యూబు ఒక వైపు ఊపిరితిత్తిలోకి జారిందో తెలిసేసరికి గంటలు గడిచిపోతాయి. 40 మీద 91 ఉన్న రోగికి ఏదైనా తేడా వస్తే మీకు వెంటనే తెలుస్తుంది.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. శాచురేషన్ 96 నుంచి 90కి దిగితే రక్తం మోసే ఆక్సిజన్ ఆరు శాతం పైచిలుకు తగ్గుతుంది. హీమోగ్లోబిన్ 10 నుంచి 9కి దిగితే పది శాతం తగ్గుతుంది. రెండోదానికి ఏ అలారమూ మోగదు.

జవాబు (మత్తు వైద్యురాలు)

డాక్టరుగారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ 88 అనే కింది గీతను అంత తేలిగ్గా ఒప్పుకోలేను. వేలికి పెట్టే ప్రోబ్ చెప్పేది అంచనా మాత్రమే. 2020లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో, ప్రోబ్ 92 నుంచి 96 చూపిస్తున్న నల్లజాతి రోగుల్లో 11.7 శాతం మందికి ధమని రక్తంలో అసలు శాచురేషన్ 88 కంటే తక్కువగా తేలింది. తెల్లజాతివారిలో అది 3.6 శాతం. మేని ఛాయ ముదురుగా ఉన్నవారికి ప్రోబ్ 88 చూపిస్తుంటే లోపల ఎంత ఉందో ఏబీజీ (ధమని రక్త పరీక్ష) చేయకుండా ఎలా నమ్మాలి?

లోకో2 అధ్యయనాన్నీ మరచిపోవద్దు. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి ఆక్సిజన్ అందని తీవ్ర స్థితి) రోగులకు 88-92 లక్ష్యం పెట్టి చూశారు. తక్కువ ఆక్సిజన్ వర్గంలో ఐదుగురికి పేగులకు రక్తప్రసరణ ఆగిపోయింది. 205 మందితోనే అధ్యయనాన్ని ఆపేశారు. చిన్న అధ్యయనమే, నిజమే. అయినా తీవ్రమైన ఏఆర్‌డీఎస్ ఉన్నవారికి నేను 92 కంటే కిందికి లక్ష్యం పెట్టను.

ప్రశ్న అడిగిన నర్సు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్యూబు జారిన సంగతి ఎక్కువ ఆక్సిజన్ కప్పేస్తుందన్నది నాకెవరూ చెప్పలేదు. మరి 88-92 ఆర్డరు ఉన్నప్పుడు 87 కనిపిస్తే ముందుగా ఏం చేయాలి? అందరికీ ఒకే ఆర్డరు రాయడం సబబేనా?

జవాబు (క్రిటికల్ కేర్ డాక్టరు)

అందరికీ ఒకే ఆర్డరు సబబు కాదు. 2024లో జామా వైద్య పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ పాత అధ్యయనాల వివరాలను కంప్యూటర్ నమూనాతో వేరుచేసి చూపింది: తక్కువ లక్ష్యం వల్ల బాగుపడేవారు కొందరు, ఎక్కువ లక్ష్యం వల్ల బాగుపడేవారు కొందరు. రెండూ కలిపి సగటు తీస్తే తేడా కనిపించదు. పడక దగ్గర ఎవరు ఏ కోవకు చెందుతారో తేల్చే సాధనం ఇంకా మన చేతికి రాలేదు. అందుకని నేను మామూలుగా 90-94 రాస్తాను. మత్తు వైద్యురాలి అభ్యంతరం సరైనదే కాబట్టి, మొదటి ఏబీజీతో ప్రోబ్ అంకెను పోల్చి ఆ తేడాను చార్టు పైన రాయిస్తాను.

87 కనిపిస్తే మానిటర్‌లో ప్రోబ్ చూపించే నాడి తరంగం చూడండి. అది సరిగా లేకపోతే, వేళ్లు చల్లబడి ఉంటే, ప్రోబ్ చెవికి మార్చండి. తరంగం బాగుంటే ఛాతీ రెండువైపులా సమానంగా లేస్తోందా, ట్యూబు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కట్టి ఉంది, కఫం శబ్దం వస్తోందా చూడండి. ఈలోగా అంకె ఇంకా జారుతుంటే ఆగవద్దు, ఆక్సిజన్ పెంచి డాక్టరును పిలవండి. తిరిగి కోలుకున్నాక ఎఫ్ఐఓ2ను ఎంతకు దించాలో, ఎప్పటిలోగా దించాలో అదే పూట ఆర్డరులో రాయించుకోండి.

జవాబు (మత్తు వైద్యురాలు)

ఆ ఆఖరి వాక్యానికి మరొకటి కలుపుతున్నాను. అలారం కింది పరిమితిని ఆర్డరుకు తగ్గట్టు మార్చడంతో పాటు పై పరిమితి కూడా పెట్టండి. ఆక్సిజన్ మీదున్న రోగికి 97 దాటితే మోగేలా. చాలా యూనిట్లలో ఆ పై అలారం ఆపేసి ఉంటుంది.