చెరువుల పట్టికలోని వివరాలపై హక్కు ఎవరిది?

ప్రశ్న: చెరువుకట్ట (కడప)

అందరికీ నమస్కారం. కడప, అన్నమయ్య జిల్లాల చెరువుల వివరాలను ఒకచోట చేర్చే పనిని మేము తొమ్మిది మందిమి మూడేళ్లుగా చేస్తున్నాము. ఆదివారాలు బండ్లు వేసుకొని ఊళ్లకు వెళ్లి, కట్ట మీద నిలబడి చెరువు ఉన్న చోటును ఫోనులో గుర్తించుకొని, తూములెన్ని, మరవ (నిండిన నీరు పొర్లిపోయే చోటు) ఎటువైపు ఉంది, ఊరివాళ్లు ఆ చెరువును ఏమని పిలుస్తారు అన్నవి అడిగి రాసుకొని వచ్చి, ఎవరైనా దిద్దగల ఉచిత పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ అటువంటిదే అయిన సమాచార నిధి వికీడేటాలోనూ ఎక్కిస్తుంటాము. ఇప్పటికి ఆరువందల పైచిలుకు చెరువులు, కుంటలు చేరాయి.

పోయిన నెలలో ఒక పెద్దాయన దగ్గర నుంచి మాకు ఉత్తరం వచ్చింది. ఆయన చాలా ఏళ్ల కిందట ఈ ప్రాంతపు చెరువుల వివరాలతో ఒక పుస్తకాన్ని సొంత డబ్బు పెట్టి అచ్చు వేయించారు. మా పట్టికలో తమ పుస్తకంలోని సమాచారం ఉందనీ, అనుమతి అడగకుండా వాడుకున్నందున పట్టిక మొత్తాన్ని తీసివేయాలనీ ఆయన కోరారు. మొదట మేము ఒప్పుకోలేదు. చెరువు ఎక్కడుందో, దాని కింద ఎన్ని ఎకరాలు పారుతాయో అన్నది ఎవరి సొత్తూ కాదు కదా అనుకున్నాము. కానీ ఉత్తరంతో పాటు ఆయన పంపిన రెండు పేజీలు చూశాక మాకు నోట మాట రాలేదు. ఆయన పుస్తకంలో ఒక కుంట ఆయకట్టు 241 ఎకరాలని పడింది. అసలు లెక్క 214 అనీ, అచ్చులో అంకెలు తారుమారయ్యాయనీ ఆయనే చెబుతున్నారు. మా పట్టికలోనూ 241 అనే ఉంది. ఇంకొక చోట ‘ఎర్రచెరువు’ కాస్తా కొమ్ము పోయి ‘ఎర్రచెరవు’ అయింది. మా దాంట్లోనూ ఆ కొమ్ము లేదు.

విచారిస్తే, మేము వెళ్లలేకపోయిన మూడు మండలాల వివరాలను మా జట్టులోని ఒక కుర్రవాడు ఆ పుస్తకం చూసి ఎక్కించినట్టు తేలింది. అవి 140 వరుసలు. జిల్లా పట్టిక నిండాలన్న ఆత్రమే తప్ప అతనికి వేరే ఉద్దేశం లేదు. మూలం పేరు రాయాలన్న సంగతి కూడా అతనికి తట్టలేదు. ఇప్పుడు మేము పట్టిక మొత్తాన్ని తీసివేయాలా, లేక ఆ వరుసలు తీస్తే సరిపోతుందా? అవే వివరాలను సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వం నుంచి తెచ్చుకొని మళ్లీ ఎక్కించుకోవచ్చా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1: నల్లకోటు (కర్నూలు)

నేను కర్నూలులో న్యాయవాదిని. చెరువు ఉన్న చోటు, తూముల సంఖ్య, ఆయకట్టు, ఇవన్నీ వాస్తవాలు, వాస్తవానికి కాపీరైట్ ఉండదు. వాటిని తెలుసుకోవడానికి ఒక మనిషి పదేళ్లు కాళ్లరిగేలా తిరిగి ఉండవచ్చు, అయినా అతడు వాటిని కనుక్కున్నాడే గాని పుట్టించలేదు. అయితే 1957 నాటి మన కాపీరైట్ చట్టం, 2(ఓ) సెక్షన్‌లో, పట్టికలనూ సంకలనాలనూ కంప్యూటర్ డేటాబేసులనూ సాహిత్య రచనల కిందనే లెక్కగట్టింది. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదని చాలామంది అనుకుంటారు. ఉన్న వాస్తవాలలో వేటిని ఏరుకోవాలి, ఏ వరుసలో కూర్చాలి అన్నది తేల్చడంలో సంకలనకర్త సొంత బుద్ధి పనిచేసి ఉంటే, ఆ ఎంపికకూ ఆ కూర్పుకూ చట్టం రక్షణ ఇస్తుంది. లోపల ఉన్న ఒక్కొక్క వివరానికి ఇవ్వదు.

మీ 241 ఎకరాల సంగతి చదివినప్పుడు, 1991లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన ఫైస్ట్ కేసు గుర్తుకొచ్చింది. కాన్సస్ రాష్ట్రంలో రూరల్ అనే టెలిఫోన్ కంపెనీ, తన డైరెక్టరీని ఎవరైనా చూసి రాసుకుంటే పట్టుకోవడానికని, లేని పేర్లు కొన్నింటిని అందులో కలిపింది. ఫైస్ట్ అనే ప్రచురణ సంస్థ తెచ్చిన డైరెక్టరీలో రూరల్ జాబితాతో అచ్చుగుద్దినట్టు కలిసే వివరాలు 1,309 కనబడ్డాయి, వాటిలో 4 ఆ లేని మనుషులవే. చూసి రాసుకున్నారన్న విషయంలో ఇక సందేహమే లేకపోయింది. అయినా కేసు ఫైస్టే గెలిచింది. చందాదారుల పేరు, ఊరు, నంబరు తీసుకొని అక్షర క్రమంలో పేర్చడంలో సృజన ఏమీ లేదనీ, పడిన శ్రమ ఒక్కటే కాపీరైట్‌కు ఆధారం కాజాలదనీ కోర్టు చెప్పింది. కాబట్టి మీ పట్టికలోని తప్పు అంకె మీరు ఎక్కడి నుంచి రాసుకున్నారో మాత్రం పట్టిస్తుంది. రాసుకున్నదానిపై ఆయనకు హక్కు ఉందా లేదా అన్నది విడిగా తేలవలసిన విషయం.

మన దేశంలో మొదట్లో గాలి ఇంకో వైపు వీచింది. 1995లో ఢిల్లీ హైకోర్టు బర్లింగ్టన్ కేసులో, తపాలా ద్వారా సరుకులు అమ్మే సంస్థ కూర్చుకున్న ఖాతాదారుల చిరునామాల జాబితాకు, దానిపై పెట్టిన శ్రమను, ఖర్చును చూసి రక్షణ ఇచ్చింది. 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ, మోదక్ కేసులో ఆ దారిని సరిదిద్దింది. కోర్టు తీర్పుల మూలపాఠాన్ని ఎవరైనా వాడుకోవచ్చనీ, ప్రచురణకర్తలు దానికి చేసే చిన్నచిన్న దిద్దుబాట్లతో అది వాళ్ల సొంతమైపోదనీ చెబుతూనే, తీర్పును పేరాలుగా విడదీసి అంకెలు వేయడం వంటి కొన్ని పనులలో నైపుణ్యమూ విచక్షణా ఉన్నాయి కనుక వాటిపై హక్కును గుర్తించింది. ఆవగింజంతైనా సృజన కావాలన్నది ఆ తీర్పు సారం.

ఐరోపా సమాఖ్యలో సంగతి వేరు. 1996 నాటి ఆదేశం ప్రకారం అక్కడ డేటాబేసు కూర్చడానికి పెట్టిన పెట్టుబడికే 15 ఏళ్ల ప్రత్యేక హక్కు ఉంది. మన చట్టంలో అటువంటి హక్కు లేదు.

కనుక ఆ పుస్తకం ఎటువంటిదో మీరు చూసుకోవాలి. మండలంలోని చెరువులన్నింటినీ ఊరి పేరు క్రమంలో పేర్చిన పట్టిక అయితే, ఆయన వాదన బలహీనమే. అలా కాక, చారిత్రకంగా ముఖ్యమైనవని తాను భావించిన చెరువులను మాత్రమే ఏరి కూర్చినదైతే, ఆ ఏరినదాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకోవడం తప్పే అవుతుంది. ఒక్కొక్క చెరువు గురించి ఆయన రాసిన వాక్యాలను దించుకొని ఉంటే మాత్రం ఇందులో చర్చకు తావే లేదు.

ఇక సమాచార హక్కు సంగతి. 2005 చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వేతరుల కాపీరైట్‌కు భంగం కలుగుతుందన్న కారణంతోనే అధికారి సమాచారాన్ని నిరాకరించవచ్చు. ప్రభుత్వ రిజిస్టర్లకు ఆ అడ్డంకి లేదు. కానీ కాగితం చేతికి రావడం, దాన్ని తిరిగి ప్రచురించుకునే అనుమతి రావడం ఒకటి కాదు, ఎందుకంటే ప్రభుత్వ రచనలపై ప్రభుత్వానికి కాపీరైట్ ఉంది. గెజెట్‌లో వచ్చినవాటికి మాత్రం కాపీరైట్ చట్టంలోని 52(1)(క్యూ) మినహాయింపు ఇస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు వెలువడిన ప్రకటనలలోని మండలాల జాబితాలను మీరు ఏ శంకా లేకుండా వాడుకోవచ్చు.

జవాబు 2: పటాలపని (అనంతపురం)

న్యాయవాది గారు చెప్పినదంతా కోర్టు గుమ్మం ఎక్కితే పనికొచ్చే మాట. అయితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కట్టుబాటు చట్టం కంటే గట్టిదని ఈ ప్రశ్న అడిగినవారు గమనించాలి. 2004లో బ్రిటన్‌లో ఆ పటం మొదలైందే, అక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ పటాలను స్వేచ్ఛగా వాడుకోనివ్వనందువల్ల. అందుకే, కోర్టులో గెలుస్తామో లేదో చూద్దాం అన్న ధోరణికి అక్కడ చోటు లేదు. అనుమతి ఉందని చూపలేని మూలం నుంచి ఏదీ ఎక్కించకూడదు, అంతే. గూగుల్ మ్యాప్స్‌లో చూసి ఊరి పేరు ఎక్కించడం కూడా ఈ కారణంగానే నిషిద్ధం. 2012లో లైసెన్సు మారినప్పుడు, కొత్త షరతులకు ఒప్పుకోని సభ్యులు గీసిన వీధులనూ ఊళ్లనూ పటం నుంచి తొలగించారు. వాటిలో నిక్కచ్చిగా సరైనవి ఎన్నో ఉన్నాయి. తిరిగి నడిచి, తిరిగి గీసుకున్నారు. ఆ క్రమశిక్షణ వల్లనే ఈ రోజు ఆ పటాన్ని ఎవరైనా నిశ్చింతగా వాడుకోగలుగుతున్నారు.

మీరు చేయవలసింది పట్టిక మొత్తాన్ని తీసివేయడం కాదు. ఆ అబ్బాయి ఖాతాలోని, ఒక్కో విడతలో చేసిన మార్పుల కట్టలైన చేంజ్‌సెట్లను తేదీల వారీగా తీసి, ఆ 140 వరుసలు ఏవో తేల్చండి. వాటిని వెనక్కి తిప్పండి. తిప్పినా పాత రూపం చరిత్రలో మిగిలే ఉంటుంది కనుక, ఇటువంటి ఫిర్యాదులు చూసే ఆ పటం వారి డేటా వర్కింగ్ గ్రూపుకు రాస్తే వాళ్లు ఆ చరిత్రను కూడా కనబడకుండా చేస్తారు. మీరు స్వయంగా కట్టెక్కి చూసిన చెరువులను ముట్టుకోవలసిన అవసరం లేదు, ఆ పుస్తకంలో అవే వివరాలు ఉన్నా సరే. స్వతంత్రంగా కనుక్కున్నది ఎవరినీ దోచుకున్నట్టు కాదు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. రెండు చోట్లా ఎక్కిస్తున్నామన్నారు. వికీడేటా సీసీ0 అనే లైసెన్సు కింద నడుస్తుంది, అంటే వాడుకునేవారిపై మూలం పేరు చెప్పాలన్న షరతు కూడా ఉండదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ షరతు ఉంది, దానిపై కట్టిన డేటాబేసును అదే లైసెన్సుతో పంచాలన్న షరతూ ఉంది. అందువల్ల మీ ఫోను నుంచి మీరే రెండు చోట్లకూ ఎక్కిస్తే ఇబ్బంది లేదు గాని, ఇతరులు పటంలో పెట్టిన చెరువుల స్థానాలను మూటగట్టి వికీడేటాలోకి తరలించకూడదు. మా అనంతపురం జట్టు మొదటి ఏడాది ఈ పొరపాటే చేసింది. శింగనమల, బుక్కపట్నం చెరువులతో సహా మేము తరలించినవన్నీ వెనక్కి తీసుకొని, ఒక్కొక్కటే మళ్లీ చూసుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి వరుస పక్కన ఎవరు, ఏ తేదీన, ఎక్కడ చూసి రాశారు అన్న మూడు గడులు పెట్టుకున్నాము.

జవాబు 3: పాతలెక్కలు (ప్రొద్దుటూరు)

నేను నీటిపారుదల పనుల్లో చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఆయకట్టు అన్నది వాస్తవమే, నిజమే. కానీ అది చెట్టున కాయలా కనబడే వాస్తవం కాదు. రిజిస్టరులో నమోదైన ఆయకట్టు ఒకటి ఉంటుంది, ఒక ఏడు నిజంగా పారినది ఇంకొకటి ఉంటుంది. ఒకప్పుడు 100 ఎకరాల లోపు ఆయకట్టున్న చెరువులు పంచాయతీరాజ్ కింద, అంతకు మించినవి నీటిపారుదల శాఖ కింద ఉండేవి కనుక లెక్కలు రెండు ఆఫీసుల్లో, రెండు రకాల పుస్తకాల్లో చెదిరి ఉండేవి. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాక ఇంకో లెక్క పుట్టింది. ఆ పెద్దాయన వీటిలో దేన్ని తీసుకున్నారు, రెండూ కలవనప్పుడు ఏది నమ్మారు అన్నదాంట్లో ఆయన తెలివి ఉంది. న్యాయవాది గారి ఆవగింజ అక్కడే ఉందేమో చూడాలని నా మనవి.

పోరుమామిళ్ల చెరువు సంగతే చూడండి. 1369లో భాస్కర భవదూరుడు దాన్ని కట్టించిన వైనం అక్కడి శాసనంలో సంస్కృత శ్లోకాలలో ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు, రోజూ వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పనిచేసిన లెక్క, అన్నీ రాతి మీద ఉన్నాయి. ఆ సమాచారాన్ని ఎవరైనా ఎత్తి రాసుకోవచ్చు. కానీ ఆ శ్లోకాలకు ఒక పండితుడు ఈ మధ్య చేసిన తెలుగు అనువాదాన్ని మీ పట్టికలో అతికించుకుంటే, అది ఆయన రాత.

చట్టం ఏమి చెప్పినా, పుస్తకం వేసిన ఆ పెద్దాయన దగ్గరకు మీరు వెళ్లాలి. ఉత్తరానికి ఉత్తరం రాయకండి. ఊరూరా బస్సు దిగి, గుమాస్తాలను బతిమాలి, చేత్తో దించుకున్న మనిషి పేరు ఎక్కడా కనబడకపోతే కలిగే బాధ నాకు తెలుసు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు: చెరువుకట్ట (కడప)

ముగ్గురికీ కృతజ్ఞతలు. పోయిన వారం ఆ 140 వరుసలను వెనక్కి తిప్పి, చరిత్ర కూడా దాచమని రాశాము. ఆదివారం నాడు నేను, ఆ కుర్రవాడు కలిసి పెద్దాయన ఇంటికి వెళ్లాము. ఆయన తన సొంత ప్రతిని తెచ్చి చూపించారు. అచ్చుతప్పులన్నింటినీ పెన్సిలుతో దిద్దుకొని, పక్కన ఏ ఆఫీసు, ఏ రిజిస్టరు అన్నది చిన్న అక్షరాలతో రాసుకున్నారు. 241 మీద గీత కొట్టి 214 అని ఉంది, దాని పక్కన పంచాయతీరాజ్ లెక్క వేరే ఉందని ఒక ప్రశ్నార్థకం ఉంది. ప్రొద్దుటూరు పెద్దలు చెప్పింది అక్షరాలా కళ్లముందు కనబడింది. కుర్రవాడు క్షమాపణ అడిగితే, ఆయన ఆ పెన్సిలు రాతలను ఒక్కొక్కటే అతనికి చదివి వినిపించారు.

పుస్తకాన్ని వాడుకోవడానికి అనుమతి ఇమ్మని మేము అడగలేదు. ఆ మూడు మండలాలూ మేమే తిరుగుతామని చెప్పాము. ఎక్కడెక్కడ దారి తప్పుతామో ఆయన ఒక కాగితం మీద గీసి ఇచ్చారు, పటంలో తమ పేరు అక్కర్లేదు గాని లెక్కలు తేలాక ఒక ప్రతి పంపమన్నారు. ఆ 241 ఎకరాల కుంటకు వచ్చే ఆదివారం వెళ్తున్నాము. కడప నుంచి ఉదయం ఆరింటికి బయలుదేరుతాము, రాగలిగినవారు ఇక్కడ తెలియజేయగలరు.