నాటుకోడి పసుపు కాళ్ళు ఏ అడవికోడి నుంచి వచ్చాయి?

ప్రశ్న – మారతహళ్ళి నివాసి
గత నెల బండీపుర అడవిలో సఫారీకి వెళ్ళినప్పుడు, దారి పక్కన ఎండుటాకులు కెలుకుతున్న బూడిదరంగు అడవికోడిపుంజును చూశాను. మెడ ఈకల మీద లక్క చుక్కలు పెట్టినట్టు మెరిసే మచ్చలు, పసుపుపచ్చని కాళ్ళు. ఆ ఆదివారం మా వీధి దుకాణంలో కొన్న నాటుకోడి కాళ్ళు కూడా అదే రంగులో ఉన్నాయి. దుకాణదారు అది అడవి రక్తమేనని ఘంటాపథంగా చెప్పాడు. పెంపుడు కోడికి మూలం ఎర్ర అడవికోడి అని చదువుకున్నాను. మరి ఈ పోలిక ఎలా వచ్చింది?

జవాబు – జన్యుశాస్త్ర విద్యార్థిని, హెబ్బాళ
మీరు చదివింది నిజమే, కాని అది పూర్తి కథ కాదు. ఎర్ర అడవికోడే మూలమని డార్విన్ 1868లోనే రాశాడు. 1990ల్లో జపాన్ పరిశోధకులు మైటోకాండ్రియా డీఎన్ఏను పరిశీలించి ఆ మాటనే బలపరిచారు. అయితే మైటోకాండ్రియా తల్లి నుంచే సంక్రమిస్తుంది కనుక, వేరే జాతి పుంజు ఎప్పుడైనా కలిసి ఉంటే ఆ ఆనవాలు అందులో దొరకదు.

ఆ ఆనవాలు 2008లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం బృందానికి కాళ్ళ రంగులో దొరికింది. మొక్కజొన్నలో, ఆకుకూరల్లో ఉండే కెరోటినాయిడ్లనే పసుపు రంగు పదార్థాలను బీసీవో2 అనే జన్యువు తయారుచేసే ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. పసుపు చర్మమున్న కోళ్ళలో ఈ జన్యువు కాలేయంలో మామూలుగానే పనిచేస్తుంది, చర్మంలో మాత్రం మందగిస్తుంది. దానితో ఆ రంగు కాళ్ళలో పేరుకుంటుంది. ఆ జన్యుభాగపు డీఎన్ఏ వరుస ఎర్ర అడవికోడి కంటే బూడిదరంగు అడవికోడికే దగ్గరగా ఉంది. డార్విన్ చాలావరకు సరిగ్గానే ఊహించాడు, ఈ ఒక్క అప్పు మాత్రం ఆయన లెక్కలోకి రాలేదు.

కాని మీ దుకాణదారు మాట నిలవదు. ఆ కలయిక ఎన్నో తరాల కిందటిది. పసుపు కాళ్ళు నేడు ఫారం కోళ్ళలోనూ కనిపిస్తాయి. పైగా నిజమైన అడవికోడిని పట్టి అమ్మడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

జవాబు – గోదావరి గట్టు
మాది గోదావరి జిల్లా, పదేళ్ళుగా బెంగళూరులోనే ఉద్యోగం. ఎర్ర అడవికోడికి దక్షిణపు హద్దు దాదాపు గోదావరేనని, అక్కడి నుంచి దిగువన బూడిదరంగుదే రాజ్యమని పక్షుల పుస్తకాల్లో చదివాను. మా పందెం డేగపుంజు ఎర్రని రంగు చూస్తే ఎర్ర అడవికోడే గుర్తొస్తుంది. అయితే మన నాటుకోళ్ళను మన అడవుల్లోని ఎర్రకోడి నుంచే మచ్చిక చేశారా?

జవాబు – జన్యుశాస్త్ర విద్యార్థిని
అలా అనలేమండీ. ఎర్ర అడవికోడిలో ఐదు ఉపజాతులున్నాయి. 2020లో 863 పక్షుల జన్యుక్రమాలను పోల్చినప్పుడు, పెంపుడు కోడికి అత్యంత దగ్గరగా తేలింది నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్‌లలో ఉండే స్పాడిసియస్. మన దేశపు ఉపజాతి ముర్గీ. పెంపుడు కోళ్ళు ఇటు వ్యాపించాక ఇక్కడి అడవికోళ్ళతోనూ కలిశాయి. ఎముకల సాక్ష్యమూ అటువైపే చూపిస్తోంది: 2022లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, కచ్చితంగా పెంపుడువని చెప్పదగిన తొలి కోళ్ళు థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో దొరికాయి, కాలం క్రీ.పూ. 1650–1250. వరి, చిరుధాన్యాల గింజలకు ఆశపడి కోళ్ళు ఊళ్ళ చుట్టూ చేరాయని ఆ పరిశోధకుల అభిప్రాయం.

ఆ కలయిక నేటికీ ఆగలేదు. ఊరికోళ్ళు అడవి అంచున తిరిగి ఎర్ర అడవికోళ్ళ రక్తాన్ని పలచన చేస్తున్నాయి. అసలైన అడవిపుంజు జతకట్టే కాలం ముగిశాక మెడలోని బంగారు ఈకలు రాల్చి కొన్నాళ్ళు పొట్టి నల్లని ఈకలతో తిరుగుతుంది. ఊరిపుంజు అలా చేయదు. అడవిలో జాతిశుద్ధిని అంచనా వేయడానికి అదొక గుర్తు.

జవాబు – గోదావరి గట్టు
ఒక చిన్న సందేహం. మా ఇంట్లో తెల్లకాళ్ళ పుంజుకు, తెల్లకాళ్ళ పెట్టకు ఒకే పొదుగులో రెండు పసుపు కాళ్ళ పిల్లలు పుట్టాయి. మా నాయనమ్మ పక్కింటి పుంజును శంకించి, దొడ్డికి కంచె కూడా కట్టించింది.

జవాబు – జన్యుశాస్త్ర విద్యార్థిని
పక్కింటి పుంజును అనుమానించనక్కరలేదండీ. పసుపు చర్మం అంతర్గత లక్షణం, అంటే ఆ జన్యురూపం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. కాబట్టి తల్లిదండ్రులిద్దరిలోనూ దాని ఒక్కొక్క ప్రతి దాగి ఉంటే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి పసుపు కాళ్ళు వస్తాయి. కంచె తీయించండి.