ఔట్‌బోర్డ్ గేర్‌కేస్‌కు రంగు వేయడానికి వాడి పారేసే కప్పులు నిజంగా అవసరమా?

చుక్కాని:
పడవ వెనుక బిగించే నా ఔట్‌బోర్డ్ మోటారు గేర్‌కేస్‌లోంచి, అంటే ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్లుండే కింది భాగంలోంచి, ఈసారి తీసిన ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంది, అంటే లోపలికి నీరు చేరింది. ప్రొపెల్లర్ విప్పి చూస్తే షాఫ్ట్ చుట్టూ గాలపు దారం బిగుసుకుపోయి, సీలు అంచును కోసేసి ఉంది. సీళ్లు మార్చడానికి ఎలాగూ మొత్తం విప్పాలి కాబట్టి, పెచ్చులూడిన పాత రంగును కూడా తీసేసి ఎపాక్సీ ప్రైమర్, దానిపైన హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపే యురేథేన్ రంగు వేయాలనుకుంటున్నాను. నా స్ప్రే గన్‌కు అల్యూమినియం కప్పు ఉంది. లోపల పలుచని లైనర్ ఉండి, పని అయ్యాక తీసి పారేసే కప్పులు కొనమని కొందరు గట్టిగా చెబుతున్నారు. ఒకే ఒక్క గేర్‌కేస్ కోసం అంత సరంజామా అవసరమా అన్నది నా ప్రశ్న.

గాలిగొట్టం:
అవసరమేనని నా అభిప్రాయం. సౌలభ్యం ఒక్కటే కారణం కాదు. మామూలు కప్పులో రంగు కిందికి దిగాలంటే మూతకున్న చిన్న రంధ్రం గుండా గాలి లోపలికి రావాలి. గన్‌ను వంచితే ఆ రంధ్రం నుంచే రంగు కారుతుంది, తలకిందులు చేస్తే నాజిల్‌కు రంగు అందదు. లైనర్ ఉన్న కప్పులో రంగు తగ్గేకొద్దీ లైనరే ముడుచుకుంటుంది కాబట్టి గాలి లోపలికి రావలసిన పని లేదు. గన్‌ను ఏ వైపు తిప్పినా రంగు ఆగకుండా వస్తుంది. గేర్‌కేస్ ఆకారాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ప్రొపెల్లర్ పైన పలకలా చాచుకుని ఉండే యాంటీ వెంటిలేషన్ ప్లేటు అడుగు భాగం, అది నిలువు కాలుకు కలిసే మూల, కింద రెక్కలా ఉండే స్కెగ్ అంచు, ఇవన్నీ కింది నుంచి పైకి కొట్టవలసిన చోట్లు, తుప్పు ముందుగా మొదలయ్యేవీ ఇవే. పైగా మూతలోనే 125 లేదా 200 మైక్రాన్ల వడపోత ఉంటుంది కనుక విడిగా జల్లెడ పట్టనక్కరలేదు. మీ పనికి 850 మిల్లీలీటర్ల పెద్ద కప్పు అక్కరలేదు, 200 మిల్లీలీటర్ల చిన్నది చాలు.

తుప్పుకాలం:
గాలిగొట్టం గారు చెప్పిన యాంత్రిక విషయంతో నాకు పేచీ లేదు, దాని నుంచి తేల్చిన నిర్ణయంతోనే పేచీ. పడవ మీదనే బిగించి ఉన్న మోటారుకు రంగు వేసేవాడికి తలకిందుల గన్ కావాలి. చుక్కాని గారు గేర్‌కేస్‌ను పూర్తిగా విడదీస్తున్నారు. దాన్ని పైనున్న స్టడ్డు రంధ్రాల గుండా తీగ వేసి వేలాడదీస్తే, లేదా బల్ల మీద తలకిందులుగా బిగిస్తే, ఆ ప్లేటు అడుగు భాగం ఎదుటికే వస్తుంది. వస్తువును తిప్పగలిగిన చోట గన్‌ను తిప్పవలసిన అవసరం ఏముంది?

రెండో మాట, ఈ కప్పులతో శుభ్రం చేసే పని తప్పిపోతుందన్న భ్రమ ఒకటి ప్రచారంలో ఉంది. కప్పు కడగడం తప్పుతుంది, అంతే. సూది, నాజిల్, ఎయిర్ క్యాప్, గన్ లోపలి దారి, వీటిలో హార్డెనర్ కలిసిన రంగు మిగిలితే గట్టిపడి గన్ పనికిరాకుండా పోతుంది, అందుచేత థిన్నర్ ఎలాగూ వాడాలి. అయిదు నిమిషాల్లో కడిగే ఒక లోహపు కప్పును తప్పించుకోవడానికి ప్రతి పూతకూ ఒక లైనర్‌ను, ఒక మూతను, ఒక వడపోతను చెత్తలో వేయడం నాకు సమర్థనీయంగా తోచదు.

గాలిగొట్టం:
థిన్నర్ వాడకం పూర్తిగా పోతుందని నేను అనలేదు, తగ్గుతుంది అంటాను. లోహపు కప్పు గోడలకూ అడుగుకూ అంటుకున్న ఎపాక్సీని కరిగించడానికి పోసే థిన్నర్‌తో పోలిస్తే గన్ లోపలి దారిని కడగడానికి పట్టేది చాలా తక్కువ. రంగు కలిసిన ఆ థిన్నర్‌ను కూడా ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి కదా. దాన్ని నేల మీద పోయడం కంటే గట్టిపడిన లైనర్‌ను పారేయడం తక్కువ హాని అని నేననుకుంటాను.

అసలు లాభం మరొకచోట ఉంది. ఈ పనిలో కనీసం రెండు వేర్వేరు పదార్థాలు వాడతారు. ఎపాక్సీ ప్రైమర్ చిక్కగా ఉంటుంది కాబట్టి దానికి 1.6 నుంచి 1.8 మిల్లీమీటర్ల నాజిల్, పైరంగుకు 1.3 లేదా 1.4 సరిపోతుంది. కలిపిన రంగు కప్పులో నిలిచి ఉండగలిగే గడువు దేనికి దానికే వేరు, వేడి పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. ప్రైమర్ రెండో పూత కోసం ఎదురుచూస్తున్నప్పుడు కప్పు తీసి, దాని మూతి బిరడాతో మూసి పక్కన పెట్టి, గన్‌ను వెంటనే కడుక్కోవచ్చు. గడువు లోపల మళ్లీ బిగిస్తే చాలు. లోహపు కప్పుతో అలా చేయాలంటే ప్రైమర్‌ను మరో పాత్రలోకి ఒంపి, మళ్లీ వడపోయాలి.

తుప్పుకాలం:
ఆ సౌలభ్యాన్ని ఒప్పుకుంటాను, కానీ చదివేవారికి ఒక హెచ్చరిక చేర్చాలి. కలిపిన ఎపాక్సీ ఎక్కువ మొత్తంలో మూసిన పాత్రలో ఉండిపోతే రసాయన చర్య వల్ల వేడెక్కి, గడువుకు ముందే చిక్కబడుతుంది. బిరడా పెట్టినంత మాత్రాన హార్డెనర్ ఆగదు. గాలికి ఆరే రంగుకు పనికివచ్చే ఉపాయం దీనికి పూర్తిగా పనికిరాదు.

పాతషాఫ్ట్:
కప్పుల గురించి ఇంత వాదన జరుగుతోంది గాని, గేర్‌కేస్‌కు ముందు రంగు వేయాలా, ముందు సీళ్లు బిగించాలా అన్నది ఎవరూ అడగలేదు. నన్నడిగితే ఖాళీ కేసింగ్‌కే రంగు వేయాలి. గేర్లు, బేరింగులు లోపల ఉండగా ఇసుక ధారతో పాత రంగు తీస్తే, ఎంత బిగించి కట్టినా ఆ రేణువులు ఎక్కడో దూరతాయి. బేరింగుకు చిటికెడు ఇసుక చాలు. ఘాటైన థిన్నర్లు, రంగు తీసే ద్రావకాలు రబ్బరు సీలు అంచును ఉబ్బిస్తాయి. కొత్త సీలు వేసి, దాని పక్కనే ద్రావకం పూయడం నాకు నచ్చదు.

తుప్పుకాలం:
ఇక్కడ పాతషాఫ్ట్ గారితో విభేదించక తప్పదు. ఆయిల్ తెల్లబడటానికి దారమే కారణమని చుక్కాని గారు అనుకుంటున్నారు, అది నిజమే కావచ్చు. కానీ షాఫ్ట్ మీద సీలు ఆనే చోట గాడి పడి ఉన్నా, ప్రొపెల్లర్ వైపు బేరింగును మోసే క్యారియర్ వెలుపలి ఓ-రింగు (గుండ్రటి రబ్బరు వలయం) కూర్చునే చోట కేసింగ్ తుప్పుతో గుంటలు పడి ఉన్నా, కొత్త సీలు వేసిన తరువాత కూడా నీరు వస్తుంది. అప్పుడు ఆ కేసింగ్‌నే మార్చవలసి రావచ్చు, రంగు శ్రమంతా వృథా. అందుచేత సీళ్లు వేసి, ఒత్తిడి పరీక్ష నెగ్గిన తరువాతనే గన్ పట్టుకోవాలి.

పాతషాఫ్ట్:
ఆ భయానికి మందు పరీక్షను ముందుకు జరపడం. విప్పక ముందే, ఆయిల్ తీసేసిన గేర్‌కేస్‌కు ఆయిల్ రంధ్రం గుండా 10 నుంచి 15 పి.ఎస్.ఐ. గాలి ఎక్కించి, అంటే మీ సర్వీసు మాన్యువల్ చెప్పిన హద్దు దాటకుండా, సబ్బు నీళ్లు పూస్తే లీకు ఎక్కడ ఉందో బుడగలే చూపిస్తాయి. షాఫ్టులను నెమ్మదిగా తిప్పుతూ చూడాలి, ఎందుకంటే కదలనప్పుడు పట్టి ఉన్న సీలు తిరిగినప్పుడు వదలవచ్చు. గాలి నెట్టినంత మాత్రాన సరిపోదని చాలామంది మరచిపోతారు: ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద చాలా మోటార్లలో రెండు సీలు అంచులు వీపు వీపు కలిపి ఉంటాయి, లోపలిది ఆయిల్‌ను ఆపడానికి, బయటిది నీటిని ఆపడానికి. లోపలి ఒత్తిడి మొదటిదాన్ని షాఫ్టుకు అదిమి పెడుతుంది. నీరు వచ్చేది రెండోదాని గుండా, అందుకే లోపలి గాలిని లాగేసి చూసే వాక్యూమ్ పరీక్ష కూడా చేయాలి. లోపాలు ముందే తెలిస్తే, విప్పిన తరువాత గోరుతో తడిమి గాడులు, గుంటలు చూసి, కేసింగ్ పనికివస్తుందని రూఢి చేసుకుని రంగు వేయవచ్చు. సీళ్లు బిగించాక పరీక్ష మళ్లీ ఎలాగూ చేస్తాం.

తుప్పుకాలం:
విప్పక ముందు ఒక పరీక్ష, బిగించాక మరొకటి అంటే నాకు అభ్యంతరం లేదు. ఖాళీ కేసింగ్‌కు రంగు వేస్తే సీలు కూర్చునే రంధ్రాలను, క్యారియర్ కూర్చునే చోటును, పైనున్న జతకూడే ముఖాన్ని పూర్తిగా టేపుతో కప్పాలన్నది మాత్రం మరవకండి. అక్కడ రంగు మందం చేరితే సీలు సరిగా కూర్చోదు.

చుక్కాని:
విప్పక ముందే పరీక్ష చేస్తాను, ఖాళీ కేసింగ్‌కే రంగు వేస్తాను. కప్పు విషయంలో ఇంకా సందేహం తీరలేదు. పలుచగా ఇసుకకాగితం పట్టిన అల్యూమినియం మీద ఎంతసేపట్లో ప్రైమర్ పడాలి? కప్పు మార్చే ఆలస్యం లెక్కలోకి వస్తుందా?

గాలిగొట్టం:
గీసిన అల్యూమినియం మీద ఆక్సైడు పొర వెంటనే ఏర్పడటం మొదలవుతుంది, తరువాత తేమా చేతి జిడ్డూ చేరతాయి. అందుకని గీయడం, జిడ్డు తుడవడం, ప్రైమర్ కొట్టడం ఒకే రోజు వరుసగా జరగాలి. కప్పు మార్చడానికి పట్టే నిమిషాలు దానికి అడ్డు కావు. కాని యాసిడ్ ఉన్న ఎచ్ ప్రైమర్ కూడా వేసి, దానిపైన ఎపాక్సీ వేయాలనుకుంటే ఆగండి, ఎన్నో ఎపాక్సీలను యాసిడ్ ప్రైమర్ మీద వేయవద్దని వాటి తయారీదారులే అంటారు. డబ్బా మీది సూచనల కాగితం చదివి రెండింటిలో ఒకటి ఎంచుకోండి. యురేథేన్ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, వాటి వల్ల శాశ్వతంగా ఉబ్బసం రావచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ రంగు కొట్టవద్దు, బయటి గాలి అందించే మాస్కు లేకపోతే ఆ పూతను అది ఉన్నవారికే అప్పగించండి. కప్పు ఏదైనా ఈ మాట మారదు.

తుప్పుకాలం:
ఇంతవరకు వస్తే నేనూ కొంచెం సడలుతాను. రెండు పదార్థాలు ఒకే రోజు కొట్టేవారికి, ముఖ్యంగా ప్రైమర్‌కు ఒక లైనరు, పైరంగుకు మరొకటి కొనడం అతి అనను. ప్రతి పూతకూ కొత్తది అన్నదే నా అభ్యంతరం. మీ అల్యూమినియం కప్పు ఉండగా, లైనరు కప్పును మీ గన్‌కు బిగించే అడాప్టరు దొరకకపోతే కేవలం దాని కోసం కొత్త గన్ కొనవద్దు. గన్‌ల మరలు ఒక్కొక్కటీ ఒక్కో కొలతలో ఉంటాయి.

పాతషాఫ్ట్:
రంగు తరువాత రెండు విషయాలు. గేర్‌కేస్‌కు బదులు తాను అరిగిపోయేలా బిగించే లోహపు ముక్క, అంటే ఆనోడ్, దాని కింద లోహం నగ్నంగానే ఉండాలి, ఆనోడ్ మీద ఒక్క చుక్క రంగు పడకూడదు. లేకుంటే అది తాను అరగకుండా గేర్‌కేస్‌ను తిననిస్తుంది. నాచు పట్టకుండా వేసే రంగు రాగి ఆక్సైడుతో చేసినదైతే అల్యూమినియానికి ముప్పు కాబట్టి రాగి ఆక్సైడు లేని, అల్యూమినియానికి పనికివచ్చేదే వేయండి.

ఇక ఆయిల్ నింపేటప్పుడు, కింది రంధ్రం నుంచి పంపుతో పైకి నింపి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా ఆయిల్ పొంగాక ముందు పై స్క్రూ బిగించి, ఆ తరువాతే పంపు తీసి కింది స్క్రూ వేయాలి. ఈ వరుస తప్పితే గాలి చిక్కుతుంది. రెండు స్క్రూలకూ కొత్త వాషర్లు వేయండి. పాతవి మళ్లీ వేసి, నీరు వచ్చాక సీలును తిట్టేవారు ఎక్కువ. ఈసారి 100 గంటల దాకా ఆగకుండా, నాలుగైదు గంటలు నడిపి, మోటారును రాత్రంతా నిలువుగా నిలబెట్టి, మర్నాడు కింది స్క్రూ కొంచెం వదులు చేసి మొదట వచ్చే చుక్కలు చూడండి. నీరు ఉంటే ముందు వచ్చేది అదే.