ఆరు సెమిస్టర్లు స్టాటిస్టిక్స్ చెప్పాను. సీవీలో దానికి ఒక్క లైనేనా?

అనకాపల్లి_అమ్మాయి:
అందరికీ నమస్తే. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో సోషల్ సైకాలజీ పీహెచ్‌డీ, అయిదో ఏడు. స్టైపెండ్ కోసం టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) చేరితే స్టాటిస్టిక్స్ ల్యాబ్ ఇచ్చారు. ఆరు సెమిస్టర్లు అదే చెప్పాను. ఇప్పుడు ఉద్యోగాలకు అప్లై చేస్తున్నాను. సీవీ చూసిన ఒక పెద్దాయన "టీచింగ్‌కి ఒక్క లైన్ చాలు, మిగతాదంతా రీసెర్చ్ పెట్టు" అన్నారు. నాకు మనసొప్పడం లేదు.

నా రీసెర్చ్ అంతా నలుగురితో నారాయణ అనే గుణం మీదే. పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో చెబితే మన పద్ధతి మారుతుందా అన్నది. రెండో ఏడు ఒక ప్రయోగం చేశాను, గ్రూపుకి 40 మంది. పీ వాల్యూ 0.04 వచ్చింది. అది 0.05 కంటే తక్కువైతే ఫలితం "సిగ్నిఫికెంట్", అంటే లెక్కలోకి తీసుకోదగ్గది అంటారు. ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ మరుసటి వారమే ల్యాబ్‌లో పవర్ పాఠం, అంటే నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం ఎంత అన్నది. తేడా స్టాండర్డ్ డీవియేషన్‌లో సగం ఉందనుకుంటే, దాన్ని నూటికి 80 సార్లు పట్టుకోవాలంటే గ్రూపుకి 64 మంది కావాలని బోర్డు మీద రాశాను. వెనక బెంచీ అబ్బాయి "మీ స్టడీలో ఎంతమంది?" అని అడిగాడు. 40 అని చెప్పాను. అతను ఇంకేమీ అనలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. నేను కొలిచినవి మూడు, రాసింది పనిచేసిన ఒక్కదాన్నే. అలా చేస్తే లేని తేడా కూడా ఎంత తేలిగ్గా ఉన్నట్టు కనబడుతుందో సిమన్స్, నెల్సన్, సైమన్‌సోన్ అనే రీసెర్చర్లు 2011లోనే రాశారు. ఆ పేపరు చదివి పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది నా గురించేనని మాత్రం తట్టలేదు. తర్వాత ఏం కొలుస్తానో, ఎలా లెక్కగడతానో ముందే రాసి రిజిస్టర్ చేసి, గ్రూపుకి 400 మందితో మళ్ళీ చేశాను. తేడా దాదాపు మాయమైంది. నా థీసిస్‌లో ఇప్పుడు మొదటి అధ్యాయం అదే.

ఇది ఇంటర్వ్యూలో చెప్పుకోవచ్చా, దాచుకోవాలా? మా నాన్నేమో "నువ్వు లెక్కల టీచరువా, సైకాలజిస్టువా?" అని అడుగుతున్నారు.

వాల్తేరు_మాస్టారు:
అమ్మా, దాచుకోవద్దు. డిగ్రీ కాలేజీలో 31 ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎంఏ చదివిన సి.ఆర్.రావుగారు 1944లో కలకత్తాలో పాఠం చెబుతున్నారు. ఇంగ్లండు స్టాటిస్టీషియన్ ఫిషర్ పెద్ద శాంపిళ్ళకు చూపించిన ఫలితం చిన్న శాంపిళ్ళకూ నిలుస్తుందా అని దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. రావుగారు ఆ రాత్రే కూర్చుని తేల్చారు. అదే 1945 పేపర్లో వచ్చింది. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు అది. ప్రపంచం ఇప్పుడు దాన్ని క్రామర్-రావు బౌండ్ అంటోంది. మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పు.

ఒక సలహా. టీచింగ్ గురించి రాసేటప్పుడు "ఎంతో ఇష్టంగా బోధిస్తాను" లాంటి మాటలు వద్దు. నువ్వు చెప్పిన ఒక్క పాఠం రాయి. నేనైతే అన్నంతో మొదలెట్టేవాణ్ణి. మా అమ్మ అడుగు నుంచి గరిటెతో కలిపి, అప్పుడు మెతుకు పట్టి చూసేది. కలపకుండా పైమెతుకు పట్టుకుంటే అడుగు మాడినా తెలీదు. శాంపిల్ అంటే ఏమిటో పిల్లలకు అక్కడే తెలిసేది.

ల్యాబ్_నుంచి_క్లాసుకి:
నేనూ ఇదే సబ్జెక్టు అండి. ఇప్పుడు డిగ్రీ వరకే ఉన్న చిన్న కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. ఆ పెద్దాయన మాట పూర్తిగా తప్పు కాదు. పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీలు ముందు పేపర్లే చూస్తాయి. మాలాంటి చోట స్టాటిస్టిక్స్, మెథడ్స్ ధైర్యంగా చెప్పేవాళ్ళు దొరకడమే కష్టం. కాబట్టి సీవీలు రెండు చేసుకోండి. మా వైపు పంపేదాంట్లో టీచింగ్‌కి వేరే హెడ్డింగ్ పెట్టి ఏ కోర్సు, ఎన్ని సెక్షన్లు, ఏ సాఫ్ట్‌వేర్, ఆర్‌లో చెప్పారా, జాస్ప్‌లో చెప్పారా, అన్నీ రాయండి. వెనక బెంచీ అబ్బాయి కథ సీవీలో వద్దు, టీచింగ్ స్టేట్‌మెంట్ మొదటి పేరాలో పెట్టండి.

తేడా రాలేదని బెంగ వద్దు. 2015లో మన రంగంలో 100 స్టడీలను మళ్ళీ చేస్తే, మొదట 97 శాతం సిగ్నిఫికెంట్‌గా ఉన్నవి రెండోసారి 36 శాతమే అలా వచ్చాయి. ఇంటర్వ్యూలో మీ ఎదురుగా కూర్చునే చాలామందికి ఆ లెక్క తెలుసు.

ఎంఏ_సైకాలజీ_హైదరాబాద్:
అక్కా, పీ వాల్యూ నాకు ఇప్పటికీ బట్టీయే. నువ్వెలా చెప్తావు?

అనకాపల్లి_అమ్మాయి:
మాస్టారూ, ఆ సంగతి నాన్నకు ఇవాళే చెప్తాను. రెండు సీవీల సలహాకు చాలా థ్యాంక్స్ అండి, ఈ వారమే మొదలుపెడతాను.

తమ్ముడూ లేదా చెల్లీ, 24 అట్టముక్కలు తీసుకో. రెండు గ్రూపుల్లోని 24 మంది మార్కులు వాటి మీద రాయి. ఎవరు ఏ గ్రూపో మర్చిపోయి, పేకముక్కల్లా కలిపి పన్నెండేసి చొప్పున రెండు కుప్పలు వెయ్యి. సగటుల తేడా ఎంతో చూసి బోర్డు మీద ఒక చుక్క పెట్టు. మా ల్యాబ్‌లో జంటలుగా కూర్చుని వంద చుక్కలు పెడతారు. గ్రూపుకి ఏ అర్థమూ లేకపోయినా వచ్చే తేడాలు అవన్నీ. అప్పుడు అసలు తేడా ఎక్కడ పడుతుందో, అంత దూరంలోనూ ఇంకా దూరంగానూ ఎన్ని చుక్కలున్నాయో పిల్లలే వచ్చి వేలు పెట్టి లెక్కపెడతారు. నూటికి అన్ని అన్నదే పీ వాల్యూ. పీ వాల్యూ అనే మాట అప్పటిదాకా నా నోట రాదు.