కాగితంలో ఒకటి, ఆదివారం ఇంకొకటి: నేను ఏమని సంతకం పెట్టాలి?

గుండ్లకమ్మ పిల్ల

అందరికీ వందనాలు. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది ఒంగోలు దగ్గర పల్లె. మాదిగ కుటుంబం. మా నాయనమ్మ వాళ్ల తాతల నాటి నుంచి బాప్టిస్టులం. నా పదిహేనో ఏట గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నాను. ఆ రోజు నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో ఇప్పటికీ ఒంటికి గుర్తే. నా కుల ధ్రువీకరణ పత్రంలో మాత్రం 'హిందూ, మాదిగ' అని ఉంటుంది. స్కాలర్‌షిప్పు, బీఈడీ సీటు ఆ పత్రంతోనే వచ్చాయి. ఇప్పుడు డీఎస్సీకి చదువుతున్నాను.

పెళ్లి కుదిరింది. అబ్బాయిది మా సంఘమే. మా పాస్టరు అయ్యగారికి 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లిళ్లు చేసే లైసెన్సు ఉంది. చర్చి రిజిస్టరులో రాసి, సంతకాలు తీసుకుని, పత్రం ఇస్తారు. నాన్న అదే వద్దంటున్నాడు. ప్రార్థన చేయించుకుందాం, రిజిస్ట్రేషను మాత్రం హిందూ వివాహ చట్టం కింద చేయిద్దాం అంటాడు. శుభలేఖ మీద 'పరిశుద్ధ వివాహము' అని వేయొద్దు, సిలువ బొమ్మా వద్దు.

మా నాన్న పిరికివాడు కాదు. ఊళ్లో టీ గ్లాసులు వేరుగా పెట్టిన రోజుల్లో ఎదురు నిలబడి దెబ్బలు తిన్న మనిషి. మొన్న రాత్రి అన్నం తింటూ అన్నాడు: "నేనూ మా నాన్నను ఇదే అడిగానమ్మా. యేసయ్యకి మన సంగతి తెలుసు, ఎమ్మార్వోకి తెలియాల్సిన పనిలేదు అన్నాడు." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

చట్టం సంగతి చదువుకున్నాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు కానివాళ్లు ఎస్సీలు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనమూ ముస్లిములూ బయటే ఉండిపోయాం. క్రైస్తవులమని చెప్పుకుంటే ఇక్కడ బీసీ-సీ, అంటే ఎస్సీల 15 శాతం కోటాలోంచి 1 శాతం కోటాలోకి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ కేసులో తీర్పు ఇచ్చింది. బాప్తిస్మం తీసుకుని, చర్చికి వెళ్తూ, ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది. చదివినప్పుడు నా పేరు పెట్టి పిలిచినట్టు అయింది.

నాతో చదివిన యానాది అమ్మాయి కూడా విశ్వాసే. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు, తన పత్రం తనకు ఉంది. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి ఫిరంగిపురం వైపు కాథలిక్ రెడ్డి. వాళ్లింట్లో తరతరాలుగా క్రీస్తూ ఉన్నాడు, రెడ్డితనమూ ఉంది, దేనికీ నష్టం రాలేదు. నష్టం మాకే ఎందుకని కడుపు మండుతుంది. మండినంత మాత్రాన నా అబద్ధం నిజమైపోదని కూడా తెలుసు.

అందుకే అడుగుతున్నాను. ఆ కాగితం మీద హిందువునని సంతకం పెడితే, యేసును పట్టుకున్న రాత్రి పేతురు మంట దగ్గర చలి కాచుకుంటూ 'ఆయన్ని నేనెరగను' అన్నదానికీ నేను చేసినదానికీ తేడా ఏమైనా ఉందా? వకీలు సలహా అక్కర్లేదు. క్రీస్తును ఎరిగినవాళ్లు దీన్ని ఎలా ఆలోచిస్తారో చెప్పండి.

రిటైర్డ్ పంతులు

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మాదీ ఆ జిల్లానే.

నువ్వు మునిగిన ఏటికి ఒక కథ ఉంది. 1876లో కరువు వచ్చినప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టుకు తీసుకుని మన వాళ్లకి పని చూపించారు. తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య లాంటి వాళ్ల సువార్త అప్పటికే పల్లెపల్లెకూ చేరింది, జనం బాప్తిస్మం ఇమ్మని వచ్చారు. దొరగారు ఇవ్వనన్నారు. కూటి కోసం కలిశారన్న మాట వాళ్ల మీద పడకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది ఆ నీళ్లలోకి దిగారు. కూటికి, సాక్ష్యానికి మధ్య అంత జాగ్రత్తగా గీత గీసిన సంఘం మనది.

ఆ గీత మీద నేను నిలబడలేకపోయాను. ఎస్సీ కోటాలో 34 ఏళ్లు ఉద్యోగం చేశాను. పదకొండేళ్లు సంఘంలో డీకన్ను. కొత్త మందిరం కట్టినప్పుడు రెండు నెలల జీతం ఇచ్చాను. శిలాఫలకం మీద దాతల పేర్లు చెక్కించేటప్పుడు నాది వద్దన్నాను. వినయమని అందరూ మెచ్చుకున్నారు. వినయం కాదమ్మా, భయం. ఆ ఫలకం ముందు నుంచి నడిచిన ప్రతి ఆదివారం నాకు తెలుసు.

మీ నాన్నను మాత్రం తప్పుపట్టకు. ఆ ఉద్యోగంతోనే నా పిల్లలు ముగ్గురూ చదువుకున్నారు. నువ్వేం చేయాలో చెప్పే అర్హత నాకు లేదు. నాకు జరిగింది నీకు తెలియాలని రాశాను.

బీసీ-సీ

నేను రెండో దారిలో నడిచినవాణ్ణి. డిగ్రీ అయ్యాక వెళ్లి పత్రం మార్పించుకున్నాను. తర్వాత రాసిన పరీక్షలో ఎస్సీ కటాఫ్ దాటాను, బీసీ-సీ కటాఫ్ అందలేదు. ఇప్పుడు హైదరాబాదులో ఒక గోడౌనులో లెక్కలు రాస్తున్నాను.

పత్రం మారింది గానీ నేనెవరినో ఎవరూ మరిచిపోలేదు. అద్దె ఇంటికి వెళ్తే 'మీరేమిట్లు?' అని అడిగారు. సంఘంలో ఒక అమ్మాయి నన్ను ఇష్టపడింది. వాళ్ల నాన్న సంఘపెద్ద, మాల. నేను మాదిగనని తెలిసి 'అన్నీ బాగున్నాయి గానీ ప్రభువు చిత్తం కాదు' అన్నాడు.

సూసై గారి కేసు గురించి చదివావా? మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. ప్రభుత్వం చెప్పులు కుట్టేవాళ్లకి ఉచితంగా బంకులు ఇస్తే, క్రైస్తవుడని ఆయనకు ఇవ్వలేదు. 1985లో సుప్రీంకోర్టు ఆయన పిటిషను కొట్టేసింది. మతం మారాక కూడా కులం బాధ అంతే తీవ్రంగా ఉందని చూపే ఆధారాలు చాలవంది. ఆ ఆధారం ఎవరి దగ్గర ఉందమ్మా? మన దగ్గరే ఉంది. వేరువేరు సమాధుల తోటల్లో, 'క్రిస్టియన్ మాల వధువు కావలెను' అనే ప్రకటనల్లో ఉంది. పల్పిట్ ఎక్కి మాత్రం 'క్రీస్తులో యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు' అని చదివి, మనలో కులం లేదని చెప్పి కూర్చుంటాం. నా లెక్కలో మొదటి అబద్ధం అది. నువ్వు ఎమ్మార్వో ఆఫీసులో చెప్పేది దాని తర్వాతిది.

నన్ను చూసి అలాగే చెయ్యమని అనను. మా చెల్లి పత్రం మార్పించుకోలేదు, గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. మా అమ్మ మందుల ఖర్చు తనదే. నాకు మనశ్శాంతి ఉంది. అమ్మ బతికి ఉన్నది మాత్రం చెల్లి జీతం మీద. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన ప్రతిసారీ నాకు నోట మాట రాదు.

నెల్లూరు పాస్టరమ్మ

చెల్లీ, నీ ప్రశ్నను వాక్యం దగ్గర పెట్టి చూశాను.

ఇలాంటి చోట మనవాళ్లు సిరియా సేనాపతి నయమానును తెస్తారు. రాజుతో పాటు రిమ్మోను దేవత గుడిలో వంగాల్సి వస్తుంది, క్షమించమన్నాడు. ప్రవక్త ఎలీషా కోప్పడలేదు, సమాధానంతో వెళ్లమన్నాడు. ఆ మాట నీకూ ఆదరణే. కానీ నయమాను దాచలేదు, వంగకముందే నోరు విప్పి చెప్పాడు. పౌలు కొరడా దెబ్బలకు ముందు రోమా పౌరుణ్ణని చెప్పి హక్కు అడిగాడు. అది ఉన్న నిజం. నీ పత్రంలో రెండు మాటలు ఉన్నాయి. మాదిగ అన్నది నిజం, ఆ పేరు వల్ల మీ నాన్న తిన్న దెబ్బలూ నిజం. దాని పక్క మాట నిజం కాదు. ఆ రెండింటినీ కలిపి కుట్టింది ప్రభుత్వం, నువ్వు కాదు. సంతకం మాత్రం నీది. పేతురుకీ నీకూ తేడా ఉందా అంటే, పేతురును ఎవరూ ఇలా రెండు మాటలు కలిపి అడగలేదు. అంతకుమించి నేను తేలిక చేయలేను.

పెళ్లి వరకు ఒక దారి ఉంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ఏ మతమని చెప్పుకోవాల్సిన పని లేదు. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తర్వాత చర్చిలో ఆశీర్వాదం తీసుకోవచ్చు. డీఎస్సీ చిక్కు దీనితో తీరదు.

ఇంకొకటి, ఇది నీకు కాదు, మాకు. నీ మేలు కోసమే రిజిస్టరులో పేరు రాయడం లేదనే కాపరులు నాకు తెలుసు. మేమూ ఒకప్పుడు అలాగే చేశాం. ఏటా కన్వెన్షను పందిళ్లకు, మైకులకు లక్షలు పోస్తాం. నిజం చెప్పి సీటు పోగొట్టుకున్న పిల్లకు ఒక ఏడాది ఫీజు కట్టిన సంఘం నేను చూడలేదు. మోయడానికి ఒక వేలు కూడా వేయకుండా నీ భుజం మీద బరువు పెట్టి, నమ్మకంగా ఉండమని చెప్పే నోరు మాకు ఎక్కడిది? ఈ నెల పెద్దల కూటంలో మా ఆయన ఈ మాట ఎత్తుతారు. నేను పక్కనే కూర్చుంటాను.

గుండ్లకమ్మ పిల్ల

అందరికీ వందనాలు. పంతులు గారూ, శిలాఫలకం సంగతి నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పెద్దాయన ఏ ఊరు?" అని అడిగాడు.

పాస్టరమ్మగారూ, 1954 చట్టం గురించి చదవగానే తేలికపడ్డాను. తెల్లారేసరికి, ఇదీ తప్పించుకోవడమేనేమో అనిపించింది. అబ్బాయితో మాట్లాడాను. తనకూ అదే పత్రం, తనూ డీఎస్సీయే. హిందువులమని మాత్రం రాయొద్దని ఇద్దరం ఒక మాట అనుకున్నాం. సోమవారం నోటీసు ఇస్తున్నాం. డీఎస్సీ దరఖాస్తులో ఏ గడి నింపాలో ఇంకా తేల్చుకోలేదు. ఇద్దరం వదులుకుంటే ఇల్లు ఎలా గడుస్తుందో కాగితం మీద లెక్కలు వేస్తున్నాం.

అన్నా (బీసీ-సీ), మీ సమాధానం మా అయ్యగారికి పంపాను. ఇంకా ఏమీ అనలేదు.

శుభలేఖ ప్రూఫు ఇవాళ వచ్చింది. 'పరిశుద్ధ వివాహము' అని నేనే వేయించాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు, పేర్లలో ఒక దీర్ఘం తప్పిపోతే దిద్దాడు. సిలువ ఏ పక్కన వేస్తారని అడిగాడు. మా కోసం ప్రార్థన చేయండి.