అప్‌డేట్: ముత్యపు చిప్ప పుట్టగొడుగుల కాడలు సాగిపోవడం (తిరుపతి)

మా కాలనీ ఉమ్మడి తోటలో కాడలే పొడుగ్గా సాగుతున్నాయి, గొడుగు చొక్కా గుండీ అంతకు మించట్లేదు అని అడిగాను కదా, కారణం తెలిసింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

వ్యవసాయ కళాశాల సారు షెడ్డులోకి రాగానే "గాలేదమ్మా?" అన్నారు. కోతుల భయానికి నాలుగు వైపులా టార్పాలిన్ బిగించి ఉంది. పుట్టగొడుగులు వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారే లేదు, అందుకే కాడలు సాగాయి. షెడ్డులో గాలి మారాలని సలహా ఇచ్చిన ఇద్దరి మాటే నిజమైంది. కిందా పైనా జాలీ కిటికీలు పెట్టి, తేమ కోసం తడి గోనెపట్టాలు వేలాడదీశాం. తర్వాతి కాపుకు గొడుగులు అరచెయ్యంత విచ్చుకున్నాయి, అంచులు కాస్త మడిచినట్టు, తెల్లగా.

అనుమానించిన పాత విత్తనం, కుళాయి నీళ్లలో క్లోరిన్, వరిగడ్డి నాణ్యత: ఇవేవీ కారణం కాదు. అవే సంచులు, అవే నీళ్లు. ఎండాకాలంలో మాత్రం పాల పుట్టగొడుగులే వేస్తాం, 35 డిగ్రీల వేడినీ తట్టుకుంటాయి.