పాత నంబరుతో పాటు ఫోటోల అకౌంటూ పోయింది, దారేమైనా ఉందా?

పర్లాకిమిడి_కుర్రాడు:
మా ఊళ్ళో చాలామందికి రెండు సిమ్ములు, ఒకటి ఒడిశాది, ఇంకోటి పాతపట్నం వెళ్ళి తీసుకున్న ఆంధ్రాది. నా ఫోటోలూ వీడియోలూ దాచుకున్న అకౌంటు ఆ ఆంధ్రా నంబరు మీదుంది. రెండిటికీ రీచార్జి ఎందుకులే అని కిందటేడు దాన్ని వదిలేశాను, నాదే తప్పు. మొన్న ఫోను టచ్ పోయి కొత్తది కొన్నాను, లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ గుర్తులేదు, ఓటీపీ ఏమో ఆ నంబరుకే పోతోంది. ఫోన్ చేస్తే రాజమండ్రిలో ఎవరో పెద్దాయన ఎత్తారు! ఫోటోలు పోతే పోయాయి, కానీ 2018లో తాతయ్యవి నాలుగు వీడియోలు తీశాను, 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటొచ్చి, వాళ్ళ మేనత్త ఊరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయిన సంగతులు. ఆయన ఇప్పుడు లేరు, ఇంకో కాపీ లేదు. ఆ పెద్దాయన్నే ఓటీపీ చెప్పమని అడగనా?

బరంపురం_బావ:
అడిగితే తప్పేముంది, మంచాయనైతే చెప్తాడు.

రాయగడ_అక్క:
తప్పేముందా? తెలియని మనిషికి నీ అకౌంటు తలుపు చూపించినట్టే కదా. తమ్ముడూ, ముందు ఆ నంబరు ఏ బ్యాంకులోనైనా ఉందేమో చూసుకో, ఉంటే ఈరోజే బ్రాంచికి వెళ్ళి మార్పించు. వాడని సిమ్ము 90 రోజులు దాటితే కట్ చేస్తారు, ఇంకో 90 రోజులైనా ఆగి వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, ఆయన తప్పేం లేదు. ఏ సర్వీసో రాయలేదు నువ్వు. గూగుల్ లాంటివైతే రెండేళ్ళు ముట్టుకోని అకౌంటు తీసేయొచ్చు, నీకింకా టైముంది. డబ్బులిస్తే రికవరీ చేస్తామని మెసేజిలొస్తాయి, అందరూ దొంగలే.

కొరాపుట్_మొబైల్_షాపు:
అందరూ ఓటీపీ దగ్గరే ఆగారు. పాత ఫోను ఏం చేశావ్ బాబూ? రీసెట్ చేయకపోతే అందులో నువ్వింకా లాగిన్‌లోనే ఉండొచ్చు. డిస్‌ప్లే కనిపిస్తూ టచ్ ఒక్కటే పోతే ఓటీజీ కేబులు, అంటే ఫోను చార్జింగ్ పిన్నుకి మౌస్ లాంటివి కలిపే చిన్న వైరు, దానికి మామూలు కంప్యూటర్ మౌస్ తగిలించు, చాలా ఫోన్లలో స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది, ప్యాటర్న్ కూడా దాంతోనే గీయొచ్చు. లోపలికెళ్ళాక ముందు వీడియోలు దించుకో, నంబరు మార్చడం తర్వాత, దానికి మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అదీ కుదరకపోతే రికవరీ పేజీ ఇంట్లో వైఫై మీద, ఎప్పుడూ వాడే కంప్యూటర్లోనే తెరువు, కొత్తచోటు నుంచి తెరిస్తే అనుమానపడుతుంది.

పర్లాకిమిడి_కుర్రాడు:
అన్నా దండం! ఫోను బీరువాలో చీరల కింద ఉంది, అమ్మ పాత సామాన్లవాడికి వేసేయబోయిందట. మౌస్ తమ్ముడి కంప్యూటర్‌ది పీకాను, ప్యాటర్న్ మూడోసారికి కుదిరింది, లాగిన్ అలాగే ఉంది. కానీ మౌస్ పెడితే చార్జర్‌కి చోటు లేదు, బ్యాటరీ 34 శాతం. రెండు దిగాయి, ఒకదాంట్లో తాతయ్య "ఆ ఫ్యాను ఆపరా, నా మాట నాకే వినబడ్డం లేదు" అంటున్నారు. మూడోది సగంలో ఉంది. మౌస్ తీసేసి చార్జింగ్ పెడితే డౌన్‌లోడ్ ఆగిపోతుందా?

కొరాపుట్_మొబైల్_షాపు:
ఆగదు, పెట్టు. నెట్ మాత్రం పోకుండా చూసుకో.